తొమ్మిది వందల మిల్లీలీటర్లు

“నేనే సంపిన. రాసుకోండ్రి.”

పది నిమిషాల్లో మొగిలయ్య ఆ మాట అనడం అది నాలుగోసారి. నేనడిగేది ఒకటి, ఆయన చెప్పేది ఒకటి. నాకు చిర్రెత్తుకొచ్చింది.

నా పేరు సుశీల. ముప్పై ఏళ్ళు పోలీసు క్లూస్ టీంలో వేలిముద్రలు ఎత్తి, రిటైరయ్యాక కరీంనగర్‌లో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. తప్పు చేయలేదని మొత్తుకునే వాళ్ళను వందల మందిని చూశాను. చేశానని ఇంత మొండికేసినవాడిని చూడటం మాత్రం ఇదే మొదలు. నిన్న రాత్రి ఇతని భార్య సాయమ్మ నాకు ఫోన్ చేసి ఒక్కటే మాట అంది. “మా ఇంటాయన సంపలే మేడం. సంపితే నాకు చెప్తుండె.” ఆ మాట నాకు నచ్చింది, పొద్దున్నే కోరుట్ల బస్సెక్కాను.

కేసు పైకి చాలా తేలిక. సత్తార్ అనే దర్జీ, వయసు యాభై ఆరు, గురువారం సాయంత్రం ఐదూ యాభైకి తన కుట్టుగదిలో చనిపోయాడు. ఆ రోజు పందొమ్మిదో రోజా. ఉపవాసం విడవడానికి ఇంకా అరగంట పైనే ఉంది. ఎదురింటి జేబా కిటికీలోంచి చూసింది: మొగిలయ్య రెండు చేతులతో సత్తార్ రొమ్ము మీద గుద్దుతున్నాడు. శుక్రవారం పొద్దున జగిత్యాలలో పోస్టుమార్టం చేస్తే గుండె చుట్టూ ఉండే పొరలో నిండా రక్తపు నీళ్ళు. అదే రోజు మూడింటికి అరెస్టు. ఇవాళ శనివారం మూడు లోపల మొగిలయ్యను జగిత్యాలలో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. అక్కడ కూడా ఇదే పాట పాడితే ఇక ఆయన బయటికి రావడం కల్ల.

“ఎందుకు సంపినవ్ మొగిలయ్యా?”

“సత్తార్‌ది నాది ముప్పై ఏండ్ల సోపతి మేడం. నా చేతులతోనే పాయె.”

“గుద్దితే పాయెనా?”

ఆయన తల వంచుకున్నాడు. ఒకప్పుడు తాళ్ళెక్కి కల్లు గీసిన మనిషి. చెట్టు మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక ఆటో నడుపుతున్నాడట. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి గానీ మొహం మాత్రం గుండ్రంగా ఉబ్బి ఉంది. ముంజేతుల మీద నీలి మచ్చలు. పక్కన ఇడ్లీ పొట్లం విప్పలేదు. స్టేషన్ గదిలో వాంతి వాసన.

“నేను ఇయ్యకపోతే...” అన్నాడు మొగిలయ్య నేలకేసి చూస్తూ.

“ఏంది ఇచ్చినవ్?”

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు సి.ఐ. వీరేందర్. వీడికి వేలిముద్రల బ్రష్ పట్టుకోవడం నేర్పింది నేనే. నేర్పినందుకు అప్పుడప్పుడూ నన్ను నేనే తిట్టుకుంటాను.

“అయిపాయెనా మేడం? గాయన ఒప్పుకున్నడు. మీరేం ఒప్పిస్తున్నరు?”

“చేతుల మీద గా మచ్చలేంది? కొట్టినవా?”

“ఒట్టు మేడం, ఏలు కూడా పెట్టలే. పైన కెమెరా చూడుండ్రి. గీయన ఇంట్ల నుంచే గట్ల వచ్చిండు. నిన్న రాత్రి నుంచి వాంతులు. కల్లు బందైంది గదా, గందుకే.”

“నేను కల్లు ముట్టి ఆరేండ్లాయె,” అన్నాడు మొగిలయ్య మెల్లగా.

“సత్తార్ భార్య స్టేట్‌మెంట్ ఏది?” అని ఫైలు తిరగేశాను. కొడుకు ఫిరోజ్ ఫిర్యాదు ఉంది, జేబా సాక్ష్యం ఉంది, భార్యది లేదు.

“జులేఖాబీ మొగుడు పోయినంక ఇద్దత్‌ల కూసుంది మేడం. నాలుగు నెలల పది రోజులు గడప దాటదు, పరాయి మొగోళ్ళ ముంగటికి రాదు. మేం లోపలికెట్ల పోతం? కొడుకు చెప్పిండు గదా, సాలదా?”

“లేడీ కానిస్టేబుల్ లేదా?”

“ఇద్దరూ వేములవాడ బందోబస్తుకు పోయిన్రు.”

“చచ్చినాయన ఎవరితో ముప్పై ఏళ్ళు కాపురం చేసిండో ఆమెను అడగకుండ మర్డర్ కేసు కట్టినవ్. శభాష్.”

“గంటన్నరల బండి జగిత్యాల పోతది,” అన్నాడు వీరేందర్, మొహం మాడ్చుకుని. “రిమాండ్‌కు ముందు దవాఖానల మెడికల్ చెకప్ ఉంటది. గప్పటిదాక ఎంత తిరుగుతరో తిరుగుండ్రి.”

పదకొండూ ఇరవైకి జేబా ఇంటి ముందు దిగాను. గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతోంది, ఒళ్ళో చాట, చేతిలో కత్తెర. వయసు ఇరవై రెండో ఇరవై మూడో. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

“పోలీసులకు చెప్పిన ఆంటీ, మొత్తం చెప్పిన.”

“నాకు కూడా చెప్పు బిడ్డా. ముందు ఏం ఇన్నవ్?”

“లొల్లి ఇన్న. ‘మింగు, మింగుతవా లేదా’ అని మొగిలయ్య మామ గట్టిగ ఒర్రుతుండు. సత్తార్ చాచా ‘రోజా ఇడువ, ఇంకో అరగంట ఆగు’ అన్నడు. అంతే, జెరసేపు చప్పుడు లేదు.”

“గప్పుడు కిటికీలోంచి చూసినవా?”

“లేదు, చప్పుడు లేదని నా పని నేను చేసుకుంటున్న. తర్వాత మొగిలయ్య మామ ఏడుస్తున్నట్టు ఇనబడ్డది. లేచి చూసిన. గుద్దుతుండు.”

“సత్తార్ గప్పుడు ఎక్కడున్నడు? కుర్చీలనా?”

“కింద పండుకోబెట్టి ఉన్నడు.”

“పడి ఉన్నడా, పండుకోబెట్టి ఉన్నడా?”

జేబా చేతిలో కత్తెర ఆగింది. “తల కింద బొంత పెట్టి ఉంది ఆంటీ. చాచా కదులుతలేడు. గుద్దుతుంటే చెయ్యి కూడ అడ్డం పెట్టలే.”

“కొట్టెటోడు తల కింద మెత్త పెట్టి కొడ్తడా?”

ఆ పిల్ల మొహం తెల్లబోయింది. “గిట్ల నన్నెవ్వరు అడగలే. గుద్దిండా అన్నరు, గుద్దిండు అన్న. ఐదూ యాభై రెండుకు ఫిరోజ్ భాయ్‌కి నేనే ఫోన్ చేసిన. గుద్దిండని నేనే చెప్పిన...” కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అడిగేవాడు సగం అడిగితే చెప్పేది సగమే వస్తుంది. ఆ అమ్మాయి తప్పేం లేదని చెప్పి లేచాను.

సత్తార్ ఇంటి గుమ్మంలో ఫిరోజ్ అడ్డంగా నిలబడ్డాడు. సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తాడు. నిద్ర లేని ఎర్రటి కళ్ళు.

“ఆ హంతకుని తరఫు వచ్చిన్రట గదా. లోపలికి రావద్దు.”

“మీ అబ్బా ఎట్ల పోయిండో నీకు తెలుసుకోవాలని లేదా?”

“తెల్సు. గుద్ది సంపిండు. మొన్నటిదాక చాచా అని పిలిచిన నేను వాన్ని.”

లోపలి పరదా వెనక నుంచి ఒక గొంతు వచ్చింది, నెమ్మదిగా. “ఫిరోజ్, ఆడమనిషే గదా. రానియ్యి. నన్ను ఎవ్వరు ఏం అడుగలే ఇంతవరకు.”

ఫిరోజ్ పక్కకు జరిగాడు. చెప్పులు విడిచి నేను లోపలికెళ్ళాను. జులేఖాబీ చాప మీద కూర్చుని ఉంది, తెల్లటి దుపట్టా, మెడలో చేతుల్లో ఏమీ లేవు. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంత అరమరికలు లేని ఆప్యాయత చూసి నాకే సిగ్గేసింది. నేను వచ్చింది ఆమె భర్తను చంపాడంటున్న వాడిని విడిపించడానికి మరి.

“గదిని చూస్తనమ్మా.”

“చూడు. ఏది కదిలియ్యలే.”

కుట్టుగది పదడుగుల పొడవు. గోడ వారగా కుట్టు మిషను, దాని ముందు కుర్చీ, కింద జేబా చెప్పిన బొంత. మూలన చుట్టి తాడుతో కట్టిన పరుపు. తాడుకీ గోడకీ మధ్య సాలీడు గూడు. ఆ పరుపు చాలా రోజులుగా విప్పలేదన్నమాట. మిషను బల్ల మీద నాలుగు మడతలు పెట్టిన పాత దుప్పటి. దాని నడుమ నుదురు పట్టేంత గుంట, కొబ్బరినూనె మరక. ముట్టుకుని చూశాను. ఒకటి రెండు రోజుల మరక కాదది.

“గిక్కడ పడుకునేటోరా?”

“పదిహేను రోజులైంది. ఎల్లెలికల పండుకుంటే రొమ్ము మీద ఎవరో కూసున్నట్టుంటది అనెటోరు. ముంగటికి వంగితే జెర ఊపిరి ఆడుతది. మిషన్ మీద తల పెట్టుకొని గట్లనే కునుకు తీసెటోరు. నడిస్తే ఆయాసం. కాళ్ళు ఉబ్బినయి.”

“ఫిరోజ్‌కు తెల్సా?”

“సిరిసిల్లల ఉంటడు. చెప్పొద్దు అన్నరు. పండుగకు వచ్చినంక చెప్దాం అన్నరు.”

తలుపు వెనక మేకులకు సత్తార్ చొక్కాలు మూడున్నాయి. నేను వాటిని వదిలేసి వచ్చేదాన్నే, కానీ ఒకదాని కాలరు కాస్త వంకరగా కనిపించింది. దర్జీ తన చొక్కా కాలరు వంకరగా ఎందుకు కుట్టుకుంటాడు? భూతద్దం తీశాను. బొత్తం ఒకచోట కుట్టి, విప్పి, బాగా చివరికి జరిపి కుట్టాడు. మళ్ళీ విప్పి, వెనక్కి, మొదటి చోటుకే తెచ్చాడు. మళ్ళీ విప్పి మరోసారి చివరికి. సూది రంధ్రాల వరుసలు స్పష్టంగా ఉన్నాయి. మిగతా రెండు చొక్కాలకూ అంతే.

“మెడకు ఏమైంది అమ్మా ఆయనకు?”

జులేఖాబీ నా మొహంలోకి చూసింది. “బిళ్ళ కట్టింది. దీపావళి అప్పుడు, ఎడమ పక్క, నిమ్మకాయంత. బొత్తం పట్టకుండె. డిసెంబర్‌ల సిరిసిల్లల కొడుకు దగ్గరికి పోయినప్పుడు ఆయాసమొస్తే అక్కడి డాక్టర్ ఫోటో తీసిండు. గుండె దగ్గర నీళ్ళున్నయి, గీ బిళ్ళ కోసి పరీక్ష చెయ్యాలె, హైదరాబాద్ పోవాలె అని రాసిచ్చిండు.”

“పోయిన్రా?”

“పోదామనే అనుకున్నం. గా మధ్యల మొగిలయ్య అన్న మేడిపల్లి అవతల ఒక ఊరికి తీస్కపోయిండు. అక్కడ ఒకాయన ఆదివారం ఆదివారం పొడి ఇస్తడు. తెల్లటి పొడి, పొట్లం మీద ఎర్ర దారం. రోజుకు మూడు పూటలు. నువ్వు నమ్మవు, పది దినాలల్ల బిళ్ళ మాయం! ఆయాసం తగ్గింది, ఆకలైంది. హైదరాబాద్ ఎందుకు ఇగ అన్నరు. నేను కూడ సంతోషపడ్డ. అల్లాకు షుకర్ చెప్పుకున్న.”

“మరి మళ్ళ ఎప్పుడు మొదలైంది?”

“రోజాలల్ల. ఉపవాసంల పొద్దంత మందు మింగద్దు గదా. ముందు తెల్లారకముందు సహర్‌కు ఒకటి, ఇఫ్తార్ అయినంక ఒకటి ఏసుకున్నరు. తర్వాత ఒకటే. ఆఖరి వారం మొత్తమే బందు పెట్టిన్రు, నెల అయినంక షురూ చేస్త అన్నరు. బిళ్ళ మళ్ళ లేచింది. మొగిలయ్య అన్న రోజు వచ్చి బతిమాలెటోడు, ‘బీమారున్నోడు రోజా ఇడువచ్చట, మీ మౌలానా కూడ చెప్పిండు’ అని. గీయన ఇనలే. నలభై ఏండ్ల నుంచి ఒక్క రోజా ఇడువలేదు మేడం, గదే ఆయన గర్వం.” ఏడుపు ఆపుకోలేక దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. “గురువారం నాడు అన్న వచ్చింది గందుకే. కొట్టనీకి కాదు.”

“ఆ పొట్లాలు ఉన్నయా?”

“లేవు. ఆయన పోయినంక మొగిలయ్య అన్న పిచ్చోని లెక్క మొత్తం తీసి మోరీల పారబోసిండు.”

ఫిరోజ్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. నేనేమీ అనకముందే ఇనప పెట్టె తెరిచి సిరిసిల్లలో తీయించిన ఎక్స్‌రే తెచ్చి నా చేతిలో పెట్టాడు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాను. నేను డాక్టర్‌ను కాను. అయినా ముప్పై ఏళ్ళలో చాలా ఎక్స్‌రేలు చూశాను. గుండె నీడ రొమ్ము అంతా పరుచుకుని కుండలా ఉంది. పక్కన తేదీ: డిసెంబర్ ఆరు. అంటే దెబ్బ పడిందంటున్న రోజుకు మూడు నెలల ముందే అక్కడ నీళ్ళున్నాయి.

ఒంటిగంట దాటింది. ఫిరోజే నన్ను బైకు మీద జగిత్యాల తీసుకెళ్ళాడు.

పోస్టుమార్టం చేసిన డాక్టర్ సంగీత సర్కారు దవాఖానలో తన గదిలో ఉంది. చిన్న వయసు, తొణకని మనిషి. నాకంటే ముందే వీరేందర్ అక్కడ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మొగిలయ్య బయట వ్యాన్‌లో ఉన్నాడట, చెకప్ వంతు కోసం.

నేను ఎక్స్‌రే బల్ల మీద పెట్టి అడిగాను. “డాక్టరమ్మా, గుండె పొరలో ఎంత ఉంది?”

“తొమ్మిది వందల మిల్లీలీటర్లు. రిపోర్టులో రాసిన.”

“గదే గదా నేను చెప్పేది!” అన్నాడు వీరేందర్. “ముప్పావు లీటర్ పైన రక్తం. ఎంత గట్టిగ గుద్దితే అంత కారాలె?”

డాక్టర్ సంగీత అతని వంక చూసిన చూపు నాకు చాలా తృప్తినిచ్చింది.

“సి.ఐ. గారూ, గుండె మీద పొర గట్టిగ ఉంటది. గుద్దితే రక్తం కారిందనుకో, ఒక్కసారిగ రెండు వందలు చేరితే సాలు, గుండె విచ్చుకోలేక ఆగిపోతది. తొమ్మిది వందల దాక మనిషి బతికి ఉండడు. గంత పట్టాలంటే పొర సాగాలె, సాగనీకి వారాలు కావాలె. కడుపుతోని ఉన్నామె పొట్ట తొమ్మిది నెలలల్ల సాగుతది గాని ఒక్క పూటల సాగుతదా?”

“మరి రక్తం?”

“అది రక్తం కాదు, రక్తం కలిసిన నీళ్ళు. గడ్డలు లేవు. రొమ్ము మీద కమిలిన కండ లేదు, ఎముక ఇరగలేదు. గుండె పొర లోపల మందంగ తెల్లటి గడ్డ పేరుకొని ఉంది. కుడిపక్క పైగది గోడలోకి కూడ పాకింది. మెడ కింద, రొమ్ము నడుమ బిళ్ళలు. పొద్దున గా నీళ్ళు అద్దం ముక్క మీద పూసి మైక్రోస్కోప్ కింద చూసినం. ఖాయం చెప్పనీకి ఇంకా పరీక్షలున్నయి. కాని నాకు లింఫోమా అనే అనుమానం. బిళ్ళలకు వచ్చే క్యాన్సర్. అందరికి మెడలనో చంకలనో ఆగుతది, కొందరికి గుండె మీదికి పోతది. నీళ్ళు ఊరి ఊరి, ఆఖరికి ఇంకో చుక్క పట్టనీకి జాగ లేనప్పుడు గుండె ఆగుతది.”

“ఇదంత నాకెందుకు చెప్పలే?” వీరేందర్ లేచి నిలబడ్డాడు.

“రెండో పేజీల రాసిన. ‘అభిప్రాయం పరీక్షల తర్వాతే’ అని కింద గీత కూడ కొట్టిన. మీరు మొదటి పేజీ ఫోటో తీస్కొని పోయిన్రు.”

నేను నవ్వలేదు. నవ్వే పరిస్థితిలో లేను. కాలరు చొక్కా సంగతి నా బుర్రలో తిరుగుతోంది. “డాక్టరమ్మా, మెడ బిళ్ళ పది రోజులల్ల కరిగింది, ఏదో తెల్లపొడి తింటే. నెమ్మదిగ ఆపితే మళ్ళ లేచింది. గట్ల ఏ మందు చేస్తది?”

ఆమె నొసలు ముడిచింది. “స్టెరాయిడ్. గీ రోగంల గడ్డలు దానికి మంచు లెక్క కరుగుతయి. కాని చావవు. నెల, రెండు నెలలు దాక్కొని మళ్ళ వస్తయి. అసలు నష్టం ఏందంటే, అది తింటున్నప్పుడు ముక్క కోసి పరీక్ష చేసినా రోగం దొరకదు. ఉన్న టైమంత పోతది. పల్లెల పొడి మందులల్ల ఇది నూరి కలుపుతరు. నొప్పులు పొద్దుగూకే లోపల తగ్గుతయి గదా, దేవుడనుకుంటరు.”

“నొప్పులకు కూడ పనిచేస్తదా?”

“ముందు గందుకే ఇస్తరు. నడుం నొప్పి, మోకాళ్ళు. ఏండ్ల తరబడి తింటే మొహం ఉబ్బుతది, కాళ్ళు చేతులు సన్నబడతయి, తోలు పల్చనై ముట్టుకుంటే కమిలిపోతది...”

నడుం విరిగిన తాళ్ళెక్కేవాడు. గుండ్రటి మొహం. నీలి మచ్చలు. స్నేహితుడికి ఆ పొడి చూపించినవాడు తను తినకుండా చూపిస్తాడా?

“ఫిరోజ్! మొగిలయ్య కూడ గదే పొడి తింటడా?”

“మూడేండ్ల నుంచి,” అన్నాడు ఫిరోజ్ గుమ్మంలోంచి.

“గురువారం మొత్తం మోరీల పారబోసిండు. తను కూడ మళ్ళ ముట్టి ఉండడు. అప్పటి నుంచి...”

నా మాట పూర్తి కాలేదు. బయట కానిస్టేబుల్ కేక పెట్టాడు. మేం పరుగెత్తేసరికి మొగిలయ్య వ్యాన్ మెట్ల దగ్గర పడిపోయి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట, పెదాలు పాలిపోయాయి, కళ్ళు పైకి తిరిగాయి.

“యాక్టింగ్ మేడం,” అన్నాడు వీరేందర్, కానీ గొంతులో పస లేదు. “మేజిస్ట్రేట్ దగ్గరికి పోవాలంటే అందరు గిట్లనే...”

“నోరు మూస్కో వీరేందర్! కాళ్ళు పట్టు!”

కాళ్ళు వీరేందర్ పట్టాడు. భుజాలు పట్టినవాడు ఫిరోజ్. పొద్దున హంతకుడన్న మనిషిని ఒళ్ళోకి ఎత్తుకుని లోపలికి పరుగెత్తాడు. నాడి అందడం లేదు, బీపీ అరవై. డాక్టర్ సంగీత నరం వెతికి ఇంజెక్షన్ ఇచ్చి, రెండు చేతులకూ సెలైన్ పెట్టింది.

“మన ఒంట్లనే రోజు కొంచెం గా మందు తయారైతది,” అంది చేతులు ఆపకుండా. “మూడేండ్లు బయటి నుంచి పోస్తే ఒళ్ళు తయారుచేసుడు మర్చిపోతది. ఒక్కసారి బంద్ పెడితే గిదే గతి. ఇంకో అరగంట బండిల ఉంటే పాయె.”

రెండూ ఇరవైకి వీరేందర్ బయటికి నడిచాడు. “మేజిస్ట్రేట్‌కు కబురు పంపిన. ఆ పొడి ఇచ్చెటోన్ని నేను చూసుకుంట.” సాయమ్మకు నేనే ఫోన్ చేశాను.

నాలుగూ పదికి మొగిలయ్య కళ్ళు తెరిచాడు. సాయమ్మ ఆయన పాదాల దగ్గర కూర్చుని ఉంది. ఫిరోజ్ మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. అన్నీ చెప్పాను: నీళ్ళు నెలల నాటివని, గుద్దితే వచ్చినవి కావని, సత్తార్ గుండె ఆగాకే నువ్వు రొమ్ము మీద గుద్దావని. “లేపనీకి గుద్దినవ్ గదా?”

“లేస్తడేమో అని,” అన్నాడు. “మేడం, గా పొడి నేను ఇయ్యకపోతే... సత్తార్ బతికెటోడా?”

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ అనిపించలేదు. “తెల్వదు మొగిలయ్యా. హైదరాబాద్ పోయుంటే గీ రోగానికి మందుందట. కాని అందుల ఏం కలిపిన్రో నీకు తెల్వదు. తెలిస్తే నువ్వే తింటుంటివా?”

ఆయన మొదటి సగమే విన్నాడు. గోడ వైపు తిరిగాడు. ఫిరోజ్ వంగి, ఆ నీలి మచ్చల చేతి మీద తన చెయ్యి పెట్టాడు. “చాచా, నేను గూడ సిరిసిల్ల డాక్టర్ చీటీ చదివిన. నేను గూడ పోదాం అన్లేదు,” అన్నాడు. అక్కడ నిలబడటం నా వల్ల కాక వరండాలోకి వచ్చేశాను.

అప్పుడే జీపు ఆగింది. వీరేందర్ మొహం వెలిగిపోతోంది.

“వాడు దొరకలే మేడం. జీపు చప్పుడుకు పొడి బస్తాలన్ని గుంతల ఏసి కాలబెట్టి ఉరికిండు. ఎక్కడికి పోతడు, రాత్రి లోపల పట్టుకుంట. కాని జనాన్ని మాత్రం కాపాడిన. గీసారి మీకన్న ముందే!” ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. “సర్పంచుల గ్రూపు, ఆశా వర్కర్ల గ్రూపు, ఆటో యూనియన్, కుల సంఘాలు. మల్లాపూర్ నుంచి వేములవాడ దాక ఒక్క ఊరు ఇడువలే. మూడున్నరకు పెట్టిన.”

చదివాను. ‘పోలీసు వారి హెచ్చరిక. ఎర్ర దారం పొట్లాల పొడి విషం. ఒక్క చిటికెడు కూడా వేసుకోవద్దు. ఇంట్లో ఉంటే వెంటనే మోరీలో పారేయండి. అందరికీ పంపండి.’

కింద వీడియోలు వచ్చి పడుతున్నాయి. ఏ ఊరో గానీ, ముసలివాళ్ళు వరుసగా నిలబడి పొట్లాలు విప్పి మోరీలో దులుపుతున్నారు. ఎవరో చప్పట్లు కొడుతున్నారు. ఇంకో ఊళ్ళో డప్పు చాటింపు.

“ఆదివారం ఎంతమంది వస్తరట అక్కడికి?” అని అడిగాను.

“మూడు వందలు. రేపు ఒక్కడు రాడు!”

“లోపల మంచం మీద ఉన్నాయన ఎందుకు పడ్డడు వీరేందర్?”

“పొడి తిని.”

“పొడి ఆపి.”

వీరేందర్ చేతిలో ఫోన్ టింగుమంటూనే ఉంది. గబగబా ఆ మెసేజ్ నొక్కి పట్టుకుని చెరిపేశాడు. దాన్ని అప్పటికే ఎంతమంది ఎంతమందికి పంపారో ఎవరికి తెలుసు. నేను డాక్టర్ సంగీత కోసం లోపలికి పరుగెత్తబోతుంటే నా మోచెయ్యి పట్టుకున్నాడు. పదిహేనేళ్ళ కింద నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినప్పటి మొహం అది.

“మొగిలయ్య గురువారం ఆరింటికి ఆపిండు. ఇయ్యాల రెండింటికి పడ్డడు,” అని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. “అంటే... వీళ్ళకు సోమవారం పొద్దుగాల దాక టైముంది గదా అక్కా?”

“అందరు మొగిలయ్య అంత గట్టోళ్ళు కాదు. కొందరు రేపే పడ్తరు. పేర్లు చెప్పు, ఇంటింటికి పోదాం.”

వాడు తల అడ్డంగా ఊపాడు. పొడి ఇచ్చినవాడు ఏనాడూ ఎవరి పేరూ రాసుకోలేదు. ఆ మూడు వందల మందిలో ఒక్కరెవరో కూడా మాకు తెలియదు.